మండల స్థాయి మహమ్మారి ప్లాన్: పీహెచ్‌సీలో నిజంగా ఏమేం ఉండాలి?

కొత్త ఎంవో (కొత్తగా చేరిన మెడికల్ ఆఫీసర్) గ్రూపులో అడిగిన ప్రశ్న (జవాబుల పైన ఉన్నవి సభ్యులు పెట్టుకున్న పేర్లు):

అందరికీ నమస్కారం. మా పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) కింద సుమారు 30 వేల జనాభా, ఆరు సబ్‌సెంటర్లు, 30 మంది ఆశాలు. సీహెచ్‌సీ (కమ్యూనిటీ హెల్త్ సెంటర్) 28 కిలోమీటర్లు, జిల్లా ఆసుపత్రి 70 కిలోమీటర్లు. మళ్లీ కోవిడ్ లాంటిది వస్తే ఏం చేస్తారో ప్లాన్ రాసి పంపమని పైనుంచి ఆర్డరు వచ్చింది. 2020 నాటి పాత ఫైల్ తీస్తే మాస్కులు, శానిటైజర్లు, హైపోక్లోరైట్ (క్రిములను చంపే క్లోరిన్ ద్రవం) డ్రమ్ముల జాబితా తప్ప ఇంకేం లేదు.

నాలుగు డౌట్లు. ఇంటింటి జ్వర సర్వే ఎన్ని రోజులకోసారి అని రాయాలి? పది పడకలున్న పీహెచ్‌సీకి ఆక్సిజన్ ఎంత కావాలి? ఊరి దారులు మూసేస్తామని, వీధులన్నీ మందు కొట్టిస్తామని సర్పంచులు ఇప్పటి నుంచే అంటున్నారు, దీన్ని ప్లాన్‌లో పెట్టాలా? రెండు గూడేలకు రోడ్డు లేదు, సిగ్నల్ లేదు, వాళ్ల సంగతేంటి? లెక్కలు తెలిసినవాళ్లు చెప్పండి. స్పీచులు మీటింగుల్లో బోలెడు విన్నాం.

ఎపిడమిక్ సెల్ జవాబు:

సర్వే సంగతి నేను చెప్తాను. 30 వేల జనాభా అంటే ఇంటికి నలుగురు చొప్పున 7,500 ఇళ్లు, ఆశాకు 250. గుమ్మం దగ్గర ఐదారు నిమిషాలైనా నిలబడి అడిగితే రోజుకు 50 ఇళ్లకు మించి అవవు. అంటే ఒక రౌండుకు ఐదు రోజులు. 'రోజూ ఇంటింటి సర్వే' అని రాస్తే రిజిస్టర్‌లో టిక్కులు పడతాయి తప్ప ఎవరూ తిరగరు. వారానికి ఒక రౌండు అని రాయండి, అది జరిగే పని. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో 50 ఇళ్లకు ఒక వాలంటీర్ ఉన్నారని పాత ఫైళ్లలో ఇంకా వేగంగా లెక్క వేసి ఉంటారు. దాన్ని ఎత్తి రాయకండి, ఇప్పుడు చేతిలో ఉన్నది ఆశా, ఏఎన్‌ఎం (సబ్‌సెంటర్ నర్సు) మాత్రమే.

వారానికి ఒక రౌండులో ఉన్న లొసుగు ఇది. సోమవారం చూసిన ఇంట్లో మంగళవారం జ్వరం మొదలైతే, మళ్లీ వెళ్లేసరికి అది ఏడో రోజు. కోవిడ్‌లో ఆక్సిజన్ పడిపోయేది సాధారణంగా లక్షణాలు మొదలైన 5 నుంచి 10 రోజుల మధ్య. అందుకే సర్వేకి తోడు ఇంకో దారి ఉండాలి: మెడికల్ షాపు, పాల కేంద్రం, ఉపాధి హామీ మేటు, బడి, అన్నిటికంటే ముందు ఆర్‌ఎంపీ (డిగ్రీ లేని ఊరి వైద్యుడు). జ్వరం వచ్చినవాడు మీ దగ్గరికి కాదు, ముందు ఆయన దగ్గరికే పోతాడు. కేసులు పెడతామని బెదిరిస్తే ఆయన దాస్తాడు, రోగి ఎనిమిదో రోజున ఆయాసంతో మీ గేటు దగ్గర దిగుతాడు. ఆయనకు ఒక పల్స్ ఆక్సిమీటర్ (రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే పరికరం) ఇచ్చి, 'జ్వరంతో వచ్చిన ప్రతి మనిషి వేలికీ ఇది పెట్టు, 94 కంటే తక్కువ చూపిస్తే వెంటనే ఫోన్ చెయ్యి' అని చెప్పడం ఎక్కువ లాభం.

2020 ఏప్రిల్‌లో రెండు రాష్ట్రాల్లోనూ జ్వరం, దగ్గు మందులు కొన్నవాళ్ల పేర్లు రాసుకోమని మెడికల్ షాపులకు ఆదేశాలిచ్చారు. పేర్లు అడిగితే జనం పక్క ఊళ్లో కొనుక్కుంటారు. పేర్లొద్దు, రోజుకు ఎన్ని పారాసిటమాల్ షీట్లు పోయాయన్న సంఖ్య చాలు. ఒక ఊళ్లో అది మూడు రోజుల్లో రెట్టింపైతే టీమ్‌ను ముందు ఆ ఊరికి పంపండి.

ఇంకో గుర్తు 'టైఫాయిడ్'. ఊళ్లో ఒక్కసారిగా టైఫాయిడ్ పెరిగిందని వింటే దాన్ని అక్షరాలా నమ్మకండి. టైఫాయిడ్‌కు చేసే విడాల్ పరీక్ష మన ప్రాంతంలో పాత ఇన్ఫెక్షన్‌కీ, వేరే జ్వరాలకీ పాజిటివ్ చూపిస్తుంది. 2021 ఏప్రిల్, మే నెలల్లో విడాల్ కాగితం పట్టుకుని సెలైన్లు ఎక్కించుకుంటూ కూర్చున్నవాళ్లలో చాలామందికి ఉన్నది కోవిడే.

రిజిస్టర్‌లో గడులు తక్కువ పెట్టండి: లక్షణాలు మొదలైన తేదీ, పొద్దున ఆక్సిజన్, సాయంత్రం ఆక్సిజన్, నిమిషానికి శ్వాసలు, షుగర్ ఉందా, వయసు. మొదటి గడి ముఖ్యం. చాలాచోట్ల టెస్ట్ తేదీ నుంచి రోజులు లెక్కపెట్టారు. టెస్ట్ నాలుగు రోజులు ఆలస్యమైతే మీ 'రెండో రోజు' నిజానికి ఆరో రోజు. శ్వాసలు పూర్తి 60 సెకన్లు లెక్కపెట్టాలి, 15 సెకన్లు చూసి నాలుగుతో గుణిస్తే ఒకటి తప్పినా నాలుగు తేడా వస్తుంది. ఆక్సిజన్ 94 లేదా ఎక్కువ, శ్వాసలు 24 లోపు అయితే ఇంటి దగ్గరే. 90 నుంచి 93, లేదా శ్వాసలు 24 దాటితే పీహెచ్‌సీకి. 90 కంటే తక్కువ, లేదా శ్వాసలు 30 దాటితే పెద్దాసుపత్రికి. దారిలో ఆక్సిజన్ ఉండాల్సిందే.

ఆక్సిమీటర్ వాడకంలో తప్పులు మామూలుగా ఇవే: పెట్టగానే వచ్చిన మొదటి అంకె రాసేయడం, చల్లటి చేతికి పెట్టడం, నెయిల్ పాలిష్ మీద పెట్టడం, ఎండలో చూడటం. చేతులు రుద్ది వెచ్చబరిచి, నీడలో కూర్చోబెట్టి, అంకె నిలకడగా ఆగాక ఒక నిమిషానికి రాయాలి. ముదురు రంగు చర్మం ఉన్నవాళ్లలో ఈ పరికరం ఒక్కోసారి అసలు కంటే ఎక్కువ చూపిస్తుంది. కాబట్టి ఒక్క అంకెను నమ్ముకోకుండా నిన్నటికీ ఇవాళ్టికీ తేడా చూడండి. 98 ఉన్న మనిషి 95కి దిగితే 'నార్మలే కదా' అని వదిలేయకూడదు. 94 పైన ఉన్నవాళ్లను గదిలోనే ఆరు నిమిషాలు నడిపించి మళ్లీ చూడండి, ముసలివాళ్లకు మూడు నిమిషాలు చాలు. మూడు పాయింట్లు పడినా, 94 కిందికి వచ్చినా కబురు పంపాలి. ముందే 94 కంటే తక్కువ ఉన్నవాళ్లను నడిపించకండి.

ర్యాపిడ్ టెస్ట్ కిట్ల మీద ఒక మాట. వాటిని 30 డిగ్రీల లోపు ఉంచాలి. మే నెలలో ఆటో డ్యాష్‌బోర్డు మీద పెట్టి తిప్పిన కిట్‌ను ఇక నమ్మడానికి లేదు. 15 నిమిషాలకు చదవాలి, 30 దాటాక కనిపించిన గీతను లెక్కలోకి తీసుకోవద్దు. లక్షణాలుండి నెగెటివ్ వస్తే ఆర్‌టీపీసీఆర్‌కు పంపాలి. వీటీఎం ట్యూబ్ (శాంపిల్ వేసి పంపే ద్రవం ఉన్న ట్యూబ్) 2 నుంచి 8 డిగ్రీల్లో 72 గంటల లోపు ల్యాబ్‌కు చేరాలి. ల్యాబ్ బండి ఏ రోజుల్లో వస్తుందో కనుక్కుని శాంపిళ్లు ఆ ముందు రోజు తీయండి.

సిలిండర్ కీ జవాబు:

ఆక్సిజన్ లెక్క. మీది చికిత్స కేంద్రం అనుకుని మొదలుపెడితే లెక్క తప్పుతుంది. మీ పని మనిషిని పెద్దాసుపత్రికి చేర్చేదాకా నిలబెట్టడం.

ఉదాహరణకు ఒకేసారి జనాభాలో 1 శాతం మందికి జబ్బు ఉందనుకుందాం, 300 మంది. వాళ్లలో పదిమందిలో ఒకరికి ఆక్సిజన్ కావాలనుకుంటే 30. ఈ 30 మందీ పది రోజుల్లో వస్తారు, అంటే రోజుకు ముగ్గురు. (ఇవి ప్లాన్ కోసం పెట్టుకున్న ఊహలే, కొత్త వైరస్‌కు మీ జిల్లా అంకెలు వేసుకోండి.) ఒక్కొక్కరికి బెడ్ దొరికేదాకా నాలుగు గంటలు, నిమిషానికి 10 లీటర్లు అంటే 2,400 లీటర్లు. ముగ్గురికి 7,200. డి టైప్ పెద్ద సిలిండర్‌లో ఉండేది 7 క్యూబిక్ మీటర్లు, అంటే 7,000 లీటర్లు. కాబట్టి రోజుకు సుమారు ఒకటి. రీఫిల్‌కు వెళ్లి రావడానికి మూడు రోజులు పడితే మూడు, పైన ఒకటి చేతిలో. మొత్తం నాలుగు డి టైప్.

బి టైప్ చిన్నది, 1,500 లీటర్లు. జిల్లా ఆసుపత్రికి రెండు గంటలు, 10 లీటర్ల చొప్పున 1,200. 'ఒకటి చాలు' అనిపిస్తుంది. చాలదు. రైల్వే గేటు, టైర్ పంక్చర్, అక్కడికెళ్లాక గేటు బయట అరగంట నిలబడటం, వీటికి సగం అదనంగా వేసుకుంటే 1,800. మనిషికి రెండు, మూడు ట్రిప్పులకు ఆరు. 108లో వాళ్ల ఆక్సిజన్ ఉంటుంది, కానీ 108 ఇంకో కేసు మీద పోతే మీరు పంపేది ప్రైవేటు బండిలోనే.

సగం వాడిన సిలిండర్‌లో ఎంతుందో తెలియాలంటే, బి టైప్‌కు గేజ్ మీద బార్‌లో ఉన్న అంకెను 10తో, డి టైప్‌కు 46తో గుణించండి. గేజ్ 75 చూపిస్తే బి టైప్‌లో 750 లీటర్లు ఉన్నట్టు, 10 లీటర్ల మీద గంటంబావు.

కాన్సంట్రేటర్లు (గాలిలోంచి ఆక్సిజన్ తీసిచ్చే మిషన్లు) మూడు చాలు, నిమిషానికి 5 లీటర్లవి. 5 లీటర్లకు మించి అవసరమైన మనిషిని వాటి మీద ఉంచకండి. మిషన్ స్థాయికి మించి తిప్పితే గాలి వస్తుంది గానీ అందులో ఆక్సిజన్ శాతం తగ్గిపోతుంది. ఒక్కోటి సుమారు 350 వాట్లు లాగుతుంది. పీహెచ్‌సీ ఇన్వర్టర్‌కు ఉండే 150 ఏహెచ్ బ్యాటరీ ఒక మిషన్‌ను మూడు గంటలు మోస్తుంది, మూడు మిషన్లు పెడితే కూర్చుంటుంది. పంట మోటార్లు తిరిగే వేళల్లో వోల్టేజ్ 170కి పడిపోయే ఊళ్లున్నాయి, మిషన్ కుయ్యోమని ఆగిపోతుంది. ఒక్కోదానికి 1 కేవీఏ స్టెబిలైజర్ రాయండి. మిషన్ వెనక ఉండే స్పాంజి ఫిల్టర్‌ను వారానికోసారి కడిగి ఆరబెట్టాలి. దుమ్ము పట్టిన ఫిల్టరే సగం కంప్లైంట్లకు కారణం.

చిన్న వస్తువుల దగ్గరే పని ఆగుతుంది. సిలిండర్ తెరిచే కీ తాడుతో సిలిండర్‌కే కట్టి ఉండాలి. రెగ్యులేటర్ నోరు రెండు రకాలు: బుల్‌నోస్, పిన్ ఇండెక్స్. ఒకదానిది ఇంకోదానికి పట్టదు, కాబట్టి ఏ సిలిండర్ ఏ రకమో చూసి ఇండెంట్ పెట్టండి. బిగుసుకుందని నూనె, గ్రీజు రాయకండి, ఆక్సిజన్‌తో అంటుకుంటుంది. హ్యూమిడిఫయర్ (ఆక్సిజన్‌కు తేమ పట్టించే) సీసా మూత వదులుగా ఉంటే ఆక్సిజన్ అక్కడే లీకవుతుంది. ముక్కు గొట్టం చివర గ్లాసు నీళ్లలో పెడితే బుడగలు రావాలి. రాకపోతే ముందు మూతే చూడండి. సీసాలో డిస్టిల్డ్ వాటర్ లేదా కాచి చల్లార్చిన నీళ్లు, రోజూ మార్చాలి.

ముక్కు గొట్టం నిమిషానికి 5 లీటర్ల దాకా, మామూలు మాస్క్ 6 నుంచి 10, సంచి ఉన్న మాస్క్ 10 నుంచి 15. ఆక్సిమీటర్‌లో లక్ష్యం 92 నుంచి 96. వంద చూపించాలని పెంచుకుంటూ పోతే సిలిండర్ సగం టైమ్‌కే అయిపోతుంది. ఎదురుచూసే టైమ్‌లో మనిషిని బోర్లా పడుకోబెట్టండి, అరగంట నుంచి రెండు గంటలు, ఛాతీ కింద, నడుం కింద దిండ్లు. దీనికి ఖర్చు లేదు. గర్భిణులకు మాత్రం వద్దు.

స్టెరాయిడ్ గురించి ఆర్‌ఎంపీలకు రాతపూర్వకంగా ఒక కాగితం ఇవ్వండి. డెక్సామెథసోన్ రోజుకు 6 మిల్లీగ్రాములు ప్రాణాలు కాపాడుతుందని 2020 జూన్‌లో తేలింది, కానీ ఆక్సిజన్ అవసరమైనవాళ్లకే. అవసరం లేనివాళ్లకు లాభం కనిపించలేదు. రెండో రోజే ఇంజెక్షన్ మొదలెట్టి, షుగర్ చూడకుండా వారాల తరబడి వాడటం 2021లో బ్లాక్ ఫంగస్‌కు దారి వేసిన కారణాల్లో ఒకటి.

గట్టు మీద జవాబు:

కంచెల సంగతికి వస్తా. 2020 మార్చి చివర్లో మన ఊళ్ల పొలిమేరల్లో ముళ్లకంపలు, తాటి దుంగలు అడ్డం పడ్డాయి కదా, సర్పంచుల మనసులో అదే ఉంటుంది. ఊరు మూసేసి నెగ్గిన చోటు చరిత్రలో ఉంది. అమెరికా కొలరాడోలో గన్నిసన్ అనే కొండ ప్రాంతపు కౌంటీ. 1918 శరదృతువులో ఫ్లూ చుట్టుపక్కల ఊళ్లను ఊడ్చేస్తుంటే, రోడ్ల మీద అడ్డుకట్టలు పెట్టి, రైలు దిగినవాళ్లను క్వారంటైన్ చేసి, 1919 ఫిబ్రవరి దాకా అలాగే ఉన్నారు. పట్టణం దాదాపు ఫ్లూ తాకకుండా బయటపడింది. కానీ అక్కడ జనం కొన్ని వేలే, చుట్టూ కొండలు, లోపలికి వచ్చే దారులు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని, జబ్బు లోపలికి రాకముందే మూశారు. మీ మండలంలో పుంత దారులు, డొంకలు, కాలువ గట్లు కలిపితే ఎన్ని? పాల వ్యాను ఆపగలరా? మిరప కోతలకు బయటి నుంచి వచ్చే కూలీలను? మనవాళ్లు కంప వేసింది లాక్‌డౌన్ ప్రకటించాక, అంటే హైదరాబాద్, చెన్నైల నుంచి రావాల్సినవాళ్లు చాలామంది అప్పటికే ఇళ్లకు చేరాక.

కంప అడ్డుకునేది ముఖ్యంగా 108ని, పురిటి కేసుని. ప్లాన్‌లో ఇలా రాయండి: దారి మూయరాదు, బయటి నుంచి వచ్చినవాళ్ల పేర్లు పంచాయతీ నమోదు చేస్తుంది, ఇంట్లో విడి గది లేనివాళ్లకు బడిలో వసతి. మంచానికీ మంచానికీ కనీసం మీటరు దూరం, రెండు వైపులా కిటికీలు తెరిచి, మరుగుదొడ్డిలో నీళ్లు ఉండేట్టు. జనం బడికి రామనేది భయంతోనే కాదు. 'గొడ్లకు మేత ఎవరేస్తారు, పాలు ఎవరు తీస్తారు' అన్నదానికి జవాబు లేక. ఒక మనిషికి కూలి ఇచ్చి ఆ పని చూడమని పంచాయతీ తీర్మానంలో రాయిస్తే సగం మొండితనం తగ్గుతుంది.

వీధుల్లో ట్రాక్టర్‌తో హైపోక్లోరైట్ కొట్టడం ఫొటోలకు బాగుంటుంది. మట్టి, పేడ తగలగానే క్లోరిన్ పనిచేయకుండా పోతుంది. మనుషుల మీద కొట్టడం హానికరం, 2020 ఏప్రిల్‌లో కేంద్ర ఆరోగ్య శాఖ కూడా వద్దనే చెప్పింది. వాడాల్సింది పీహెచ్‌సీ నేల మీద, మంచాల కమ్మీల మీద, అంబులెన్సు లోపల. 33 శాతం బ్లీచింగ్ పౌడర్ లీటరు నీళ్లకు 30 గ్రాములు వేస్తే 1 శాతం ద్రావణం. పది నిమిషాలు తడిగా ఉండాలి, తర్వాత తుడవాలి. ఏ రోజుది ఆ రోజే కలపాలి, యాసిడ్ దగ్గరికి రానివ్వకూడదు. మూతి విప్పి మూలన పడేసిన బస్తాలో బలం ఉండదు. పంచాయతీ దగ్గర పౌడర్ మిగిలితే మంచినీళ్ల ట్యాంకులో వేయించండి: 1,000 లీటర్లకు సుమారు 2.5 గ్రాములు, అరగంటాగి క్లోరోస్కోప్ (నీళ్లలో క్లోరిన్ చూసే కిట్)లో 0.5 పీపీఎం చూపించాలి. మహమ్మారి ఉందని వానాకాలం విరేచనాలు రాకుండా మానవు.

కొత్త ఎంవో:

చాలా ఉపయోగం సర్, అందరికీ థ్యాంక్స్. వ్యాక్సిన్ వచ్చాక సంగతి కూడా ప్లాన్‌లో రెండు పేజీలు రాయమన్నారు. గూడేల గురించి ఎవరూ చెప్పలేదు.

కోల్డ్ చైన్ హ్యాండ్లర్ జవాబు:

వ్యాక్సిన్‌కు రెండు పేజీలు ఎక్కువ మేడమ్, మన రోజువారీ టీకాల పద్ధతే. కొత్తగా వచ్చేది ఏ రకమో ముందే తెలియదు. కోవిషీల్డ్ లాంటిదైతే 2 నుంచి 8 డిగ్రీలు, ఐఎల్‌ఆర్ (టీకాలు దాచే ఫ్రిజ్)లోనే సరిపోతుంది. గడ్డకట్టితే పనికిరాదు, కాబట్టి ఐస్‌ప్యాక్‌లు ఫ్రీజర్ నుంచి తీసి నేరుగా క్యారియర్ (టీకాలు మోసుకెళ్లే పెట్టె)లో పెట్టకండి. ఊపితే లోపల నీళ్లు కదిలిన చప్పుడు వినిపించేదాకా బయట ఉంచి, తడి తుడిచి, అప్పుడు నాలుగూ పెట్టాలి. హడావుడిలో తప్పేది ఇక్కడే, పైకి ఏ గుర్తూ కనిపించదు.

కోవిషీల్డ్ వయల్ (టీకా సీసా)లో 10 డోసులు, ఒక్కోటి 0.5 ఎంఎల్, తెరిచాక నాలుగు గంటలు. మూతి మీద తెరిచిన టైమ్ పెన్నుతో రాయాలి. కాస్త అదనంగా నింపి ఉంటుంది, 11వ డోసు పూర్తిగా 0.5 వస్తే వేయొచ్చు. రెండు వయల్స్ అడుగు కలిపి ఒక డోసు చేయకూడదు. ఊళ్లో సెషన్ పొలం పనుల తర్వాత, సాయంత్రం పెడితే పదిమంది తేలిగ్గా కూడతారు. వేసుకున్నాక అరగంట కూర్చోబెట్టాలి. తీవ్రమైన అలర్జీ వస్తే అడ్రినలిన్ 1:1000, పెద్దవాళ్లకు 0.5 ఎంఎల్, తొడ బయటి వైపు కండలోకి. ఆంప్యూల్ బీరువాలో కాదు, టేబుల్ మీద ఉండాలి. గడువు తేదీ ప్రతి సెషన్ ముందు చూడండి.

ఏజెన్సీ డ్యూటీ జవాబు:

గూడేలకు పైన చెప్పిన 94 లెక్క పనికిరాదు. డోలీ కట్టి రోడ్డు దాకా దింపడానికి నాలుగు గంటలు పడితే, 93 చూసి బయల్దేరిన మనిషి కింద అంబులెన్సు ఎక్కేసరికి 85లో ఉండొచ్చు. అందుకే దూరాన్ని బట్టి అంకె మార్చండి. రోడ్డు ఉన్న ఊరికి 93, రోడ్డు లేని గూడేనికి 95, లేదా నడిపిస్తే మూడు పాయింట్లు పడటం. 60 దాటినవాళ్లు, షుగర్ ఉన్నవాళ్లు, నెలలు నిండుతున్న గర్భిణులైతే జ్వరం వచ్చి మూడో రోజుకే, అంకె బాగున్నా, కిందికి దింపి ఉంచండి. ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) పరిధి అయితే గర్భిణుల వసతి గృహాలు ఉంటాయి, జబ్బుపడిన వాళ్లకు మాత్రం వేరే గది, వేరే మరుగుదొడ్డి చూడాలి.

సిగ్నల్ లేనిచోట యాప్‌లు రాయకండి. గూడేనికి ఒక మనిషి, రోజూ ఒకే టైమ్‌కు సిగ్నల్ దొరికే దిబ్బ ఎక్కి ఫోన్ చేయాలి. చెప్పాల్సింది మూడు అంకెలు: ఎంతమందికి జ్వరం, ఎంతమందికి 95 లేదా తక్కువ, ఎవరైనా చనిపోయారా. ఫోన్ రాకపోతే అదే కబురు అనుకుని మర్నాడు పొద్దున్నే టీమ్ ఎక్కాలి. చదువురాని ఆశాకు అంకెల బదులు రంగుల చార్టు, 95 దాటితే ఆకుపచ్చ, 95 లేదా తక్కువైతే ఎరుపు, అంతే. పసుపు పెడితే అందరూ పసుపులోనే ఉంచేస్తారు.

టెస్టుకీ టీకాకీ వారపు సంత మంచి చోటు, ఎలాగూ దిగివస్తారు. కానీ సంత మధ్యలో టెంటు వేయకండి, పాజిటివ్ వస్తే అందరి ముందూ పట్టుకుపోతారన్న భయంతో రెండో వారం ఎవరూ రారు. బస్సు ఆగే చోటికి కొంచెం ఎడంగా పెట్టండి. కోయ, సవర మాట్లాడేవాళ్లు టెంటులో ఒకరైనా ఉండాలి. వడ్డెకు (గూడెం పూజారికి), కులపెద్దకు ముందు టీకా వేసి చూపించండి. అంబులెన్సు సైరన్ మోగిస్తూ గూడెం కింద ఆపితే జనం అడవిలోకి పోతారు, సైరన్ ఆపి రమ్మని డ్రైవర్‌కు రాతలోనే చెప్పండి.

ఆక్సిమీటర్లు ఆశాకు ఒకటి, పైన పది. ఒక్కోదానికి రెండు ట్రిపుల్ ఏ సెల్లులు, ఇంకో జత విడిగా. వాడనప్పుడు సెల్లులు తీసి పెట్టకపోతే వానాకాలంలో కారి స్ప్రింగులు తుప్పు పడతాయి.

సిలిండర్ కీ:

రంగుల చార్టు మాట బాగుంది, వాడుకుంటాం.

ప్లాన్ పంపేముందు మేడమ్, ఒక ఆదివారం రాత్రి పది గంటలకు ఉత్తుత్తి కేసు ఒకటి నడపండి. దూరపు సబ్‌సెంటర్ ఏఎన్‌ఎంకు ఫోన్ చేసి 'మనిషికి 88 ఉంది' అనండి. స్టోర్ తాళం ఎవరి దగ్గరుంది, సిలిండర్ తెరుచుకుందా, గేజ్ ఎంత చూపింది, 108కి ఫోన్ చేశాక బండి వచ్చిందా లేక పక్క మండలంలో ఉందా, బెడ్ అడిగితే అవతల ఫోన్ ఎత్తింది ఎవరు, ఒక్కోదానికి ఎన్ని నిమిషాలు పట్టిందో రాసుకోండి. 108 వాళ్లకు, సీహెచ్‌సీకి ఇది డ్రిల్ అని ముందే చెప్పాలి, లేకపోతే నిజం కేసు ఆగుతుంది. ఆ నిమిషాలు వేసి ఆక్సిజన్ లెక్క మళ్లీ కట్టండి. నేను నాలుగు గంటలన్నది మీ దగ్గర ఆరు కావచ్చు, అప్పుడు డి టైప్ నాలుగు కాదు, ఆరు.